ముందు ఒక్క బిందె పూర్తి చెయ్యండి

వీడియో గేమ్ లెవెల్ తయారుచేద్దామని కూర్చునే కుర్రాళ్లు చాలామంది మొదటి రోజే కోట మొదలుపెడతారు. బురుజులు, ద్వారాలు, లోపల ఊరు. మూడో వారానికి ఆ ఫైలు తెరవడమే మానేస్తారు. ప్రతిభకేం లోటు ఉండదు. ఒక్క వస్తువునైనా చివరిదాకా లాక్కొచ్చిన అనుభవమే ఉండదు. కోట సంగతి తర్వాత చూద్దాం. ఇంట్లో ఇత్తడి బిందె ఉంటే తెచ్చి ఎదురుగా పెట్టుకోండి.

పది నిమిషాలు మౌస్ ముట్టుకోకండి, బిందెనే చూడండి. అంచు ఒకచోట ఎక్కువ మెరుస్తోంది, చెయ్యి పట్టేది అక్కడే. మెడ మడతలో నలుపు పేరుకుంది, చింతపండు పెట్టి ఎంత తోమినా వేలు అందని చోటు అది. గట్టు మీద ఈడ్చి ఈడ్చి అడుగున గీతలు పడ్డాయి. పొట్టకి ఒకవైపు సొట్ట. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. టెక్స్చర్‌లో, అంటే బిందె ఒంటికి అంటించే బొమ్మలో, సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ తెరవండి. పైసా కట్టక్కర్లేదు. 2002లో దాని వెనకున్న కంపెనీ మూతపడితే, ఏడు వారాల్లో లక్ష యూరోల చందాలు పోగై ఆ సాఫ్ట్‌వేర్ అందరి సొత్తయింది. అలాంటిది చేతికందేలా ఉన్నా ‘సాఫ్ట్‌వేర్ కొనే డబ్బులు కూడాక మొదలెడతా’ అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

బిందె ఒక పక్క అంచు మాత్రమే గీసి స్క్రూ మాడిఫయర్‌తో తిప్పండి. సారె మీద కుండ లేచినట్టు లేస్తుంది. ఆటగాడు దగ్గరికొచ్చి చూసేదైతే చుట్టూ 32 పలకలు పెట్టండి, గది మూలన ఉండేదైతే 16 చాలు. మాడిఫయర్ అప్లై చేసి, సొట్ట దగ్గర రెండు మూడు వెర్టెక్స్‌లు (పలకల మూల చుక్కలు) లోపలికి నెట్టండి.

అసలు పరీక్ష యూవీ అన్‌రాప్ దగ్గర. కుట్లు విప్పిన జాకెట్టు ముక్కల్ని దర్జీ బల్ల మీద పరిచినట్టు, బిందె ఒంటిని చదునుగా పరవాలి. సీమ్, అంటే విప్పే కుట్టు, ఎక్కడ గియ్యాలన్నది మీ ఇష్టమే. నేనైతే మెడ మడతలో ఒకటి, అడుగు చుట్టూ ఒకటి, గోడవైపు నిలువుగా ఒకటి. తర్వాత గళ్ల బొమ్మ అంటించి చూడండి. గళ్లు సాగితే రేపు మీరు వేసే గీతలూ సాగుతాయి. ఇక్కడ విసుగొస్తుంది, చాలామంది కుర్చీలోంచి లేచేది ఇక్కడే. మీరు లేవకండి. ఆ రోజుకి ఇంకేం చెయ్యకపోయినా ఫర్వాలేదు.

టెక్స్చర్ 1024 పిక్సెళ్ల చదరం సరిపోతుంది. 2048 పెడితే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, మెమరీ బరువెక్కుతుంది. మడతలోని మురికి రంగులో నలుపే. మెరుపుని నిర్ణయించే రఫ్‌నెస్ మ్యాప్‌లో మాత్రం అది తెలుపు, మెరిసే అంచు నలుపు.

కొలత మరవకండి. నా మొదటి బిందె లెవెల్‌లోకి తెస్తే తలుపుకన్నా ఎత్తు నిలబడింది. అప్పట్నుంచి టేపు పెట్టి కొలిచాకే మొదలుపెడుతున్నాను.

లెవెల్‌లో కుళాయి కింద పెట్టి, ఆటగాడి కంటి ఎత్తులో చుట్టూ ఒకసారి తిరగండి. తర్వాత అమ్మని పిలిచి చూపించండి. “మన బిందే కదురా! సొట్ట అటుపక్క కదా ఉంది” అందనుకోండి, వెంటనే కూర్చుని సొట్ట అటు మార్చండి.