ట్రాక్టర్ కందెన నూనెల స్నిగ్ధతపై పాలిమర్ల ప్రభావం

కందెన నూనె వేడెక్కిన కొద్దీ పలుచబడుతుంది. మరీ పలుచబడితే బేరింగులో పొరగా నిలువదు. మరీ చిక్కగా ఉంటే చల్లని ఇంజనులో పైభాగాలకు త్వరగా చేరదు. ఈ మార్పు ఎంతో తెలుపడానికి డీన్, డేవిస్‌లు 1929లో స్నిగ్ధతా సూచికను ప్రతిపాదించారు. పెన్సిల్వేనియా ముడిచమురు నూనెలకు 100, గల్ఫ్ తీరపు నూనెలకు 0 ఇచ్చి తక్కినవాటిని వాటితో పోల్చారు. నేడు 40, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధతను కొలిచి సూచికను లెక్కిస్తున్నారు.

సూచికను పెంచడానికి పాలీమెథాక్రిలేట్లు, ఒలిఫిన్ కోపాలిమర్లు వంటివి కలుపుతారు. చల్లని నూనెలో ముడుచుకొని ఉండే అణుగొలుసు వేడికి విచ్చుకొని ప్రవాహాన్ని అడ్డుకుంటుందన్నది పాఠ్యపుస్తకాల వివరణ. ఇది పాలీమెథాక్రిలేట్ల విషయంలో చాలావరకు సరిపోతుంది. ఒలిఫిన్ కోపాలిమర్లు మాత్రం అంతగా విచ్చుకోవు. అన్ని ఉష్ణోగ్రతల వద్దా నూనెను చిక్కబరుస్తాయి. అందువల్ల పలుచని మూలనూనెను వాడుకోవడం సాధ్యమవుతుంది. ఏ పాలిమరైనా నూనె పలుచబడటాన్ని ఆపదు, తగ్గిస్తుంది.

ఎస్.ఎ.ఇ. 40, 15డబ్ల్యూ-40 నూనెలు రెండింటికీ 100 డిగ్రీల వద్ద స్నిగ్ధత 12.5 నుండి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. రెండవది మైనస్ 20 డిగ్రీల వద్ద ఇంజను తిప్పే పరీక్షలోనూ నెగ్గాలి. తెలుగు జిల్లాల్లో అంత చలి లేకున్నా, ఉదయం ఇంజను మొదలుపెట్టినప్పుడు అది త్వరగా పారుతుంది.

అయితే డబ్బాపై ఉన్న అంకె కొత్త నూనెకే వర్తిస్తుంది. తీవ్రమైన కోత బలానికి గొలుసులు ప్రవాహదిశలో సర్దుకొని స్నిగ్ధత తాత్కాలికంగా తగ్గుతుంది. అందుకే 15డబ్ల్యూ-40 నూనెకు 150 డిగ్రీల వద్ద, అధిక కోతలో, కనీసం 3.7 మిల్లీపాస్కల్-సెకండ్లు ఉండాలన్న నియమం ఉంది. గొలుసులు తెగిపోతే నష్టం శాశ్వతం. గేర్లకు, హైడ్రాలిక్కుకు, నూనెలో మునిగే బ్రేకులకు ఒకే నూనె వాడే ట్రాక్టర్లలో గేరుపళ్ల నడుమ ఇది అధికం. పొడవైన గొలుసు తక్కువ మోతాదులోనే చిక్కదనమిస్తుంది, కాని త్వరగా తెగుతుంది. కనుక నూనెను సిఫారసు చేసేటప్పుడు సూచిక కన్నా కోత తర్వాత మిగిలే స్నిగ్ధతనే ముందు చూడాలి.

వాడిన ఇంజను నూనెను 100 డిగ్రీల వద్ద మాత్రమే పరీక్షిస్తే పొరబాటుకు తావుంటుంది. మసి, ఆక్సీకరణం నూనెను చిక్కబరుస్తాయి. తెగిన పాలిమర్, కలిసిన డీజిల్ పలుచబరుస్తాయి. ఇవి పరస్పరం రద్దయితే అంకె కొత్త నూనెదిలాగే కనిపిస్తుంది. అదే నమూనా 40 డిగ్రీల వద్ద మునుపటికన్నా చిక్కగా ఉంటే సూచిక పడిపోయినట్లే. పాలిమర్ తెగిందని అనుమానించవచ్చు. డీజిల్ కలిసిందీ లేనిదీ ఫ్లాష్ పాయింట్ పరీక్ష తేలుస్తుంది.