కరెంటు అందరికీ కావాలి, మరి కొండ?



వేసవి సెలవుల్లో నేను గుణదలలో ఉంటున్న మా చిన్నాన్న ఇంటికి వెళ్లాను. అక్కడ ఏలూరు రోడ్డు మీద విద్యుత్ సౌధ ఉంది. కరెంటు తయారుచేసే జెన్‌కోకు, దాన్ని దూరాలకు పంపే ట్రాన్స్‌కోకు పెద్దాఫీసు అదే. చుట్టూ ఎటు చూసినా స్తంభాలు, తీగలు. అక్కడి వాళ్లు వాటిని పట్టించుకోరు. పుట్టినప్పటి నుండి చూస్తున్నారు గదా!

బొగ్గు కాల్చకుండా ఎండతో కరెంటు తీయడం మంచిదేనా అని ఇరుగుపొరుగును అడిగాను. అందరూ మంచిదే అన్నారు. ఎక్కడ పెట్టాలి అంటే మాత్రం జవాబులు మారాయి. "డాబా మీద అయితే సరే, భూమి పోదు" అన్నారు కొందరు. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. "ఏలూరు కాలువ మీద పరిస్తే సరి" అన్నారు ఇంకొకరు. గుజరాత్‌లో 2012లో నర్మద కాలువ మీద అలాగే 1 మెగావాట్ పెట్టారు. "అప్పుడు కాలువలో పూడిక తీసేదెట్లా?" అని మా పిన్ని అడిగింది.

నేల మీద పరిస్తే చాలా చోటు కావాలి. కర్నూలు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు 5,900 ఎకరాలు పట్టింది.

ఇంకో చిక్కు ఉంది. ఎండ పగలే కాస్తుంది, మనం లైట్లు వేసేది రాత్రి. అందుకని కొండపైన ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. (పక్కన నేను గీసిన బొమ్మ చూడండి.) పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడతారు. రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. 100 యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేవి 75 నుండి 80.

ఆ కొండ ఎక్కడిది? మనదే. మా అనంతగిరి మండలంలో పెదకోట దగ్గర 1000 మెగావాట్ల పథకానికి 2022లో ప్రభుత్వం ఒప్పుకుంది. పోడు, ఊట గెడ్డలు పోతాయని గిరిజనులు అభ్యంతరం చెప్పారు. మా నాన్నమ్మ మాట ఇది: "మాచ్‌ఖండ్ కరెంటు 1955లోనే వచ్చిందట. ముందు పట్నానికి పోయింది. మనింట్లో బుడ్డిదీపం ఎన్నేళ్లు వెలిగిందో నాకు తెలుసు."

మా చిన్నాన్న కొడుకు, "మీరు వద్దంటే మాకు ఫ్యాన్ ఎలా తిరుగుతుంది?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను. మేము కరెంటు వద్దనడం లేదు. డాబా మీద పలక పెట్టడానికి ఇంటివాణ్ణి అడుగుతారు. కొండ మీద పెట్టేటప్పుడు కొండవాణ్ణీ అడగాలి. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి.

ఆలోచించండి:
1. మీ ఊరి గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది? మీ అమ్మ వెళ్లిందా?
2. మన హాస్టల్ డాబా మీద పలకలు పెడితే ఎన్ని బల్బులు వెలుగుతాయి? లెక్కల మాస్టారిని అడగండి.

జవాబులు రాసి ఇస్తే వచ్చే సంచికలో అతికిస్తాము.

— 9వ తరగతి విద్యార్థిని