చవక గాజు పక్కన లక్క గాజు అమ్మాలంటే

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేసేవారికి రోజూ వినిపించే మాట: "ఇలాంటిదే చైనాది సగం ధరకొస్తుంది కదా!" దానికి "మన పనివాళ్లను మనమే ఆదుకోవాలమ్మా" అంటే బేరం తెగదు. జాలితో ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ రావాలని లేదు. లక్క గాజులు చేసే కార్ఖానా పక్క గల్లీలోనే ఉండటం వల్ల కొనేవాళ్లకేం లాభమో చూపించండి.

కొలత: గాజు సైజులో రెండో అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2-4 అంటే రెండుంబావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర. డబ్బాలో వచ్చిన సరుకులో ఉన్న సైజుతోనే సర్దుకోవాలి. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి కారీగర్ చేతికి సరిపోయేలా చేసిస్తాడు. ముందు చెయ్యి కొలవండి, ధర తర్వాత చెప్పండి.

రంగు: చీర గానీ జాకెట్టు ముక్క గానీ తెమ్మనండి. పెళ్లి ఆర్డరైతే రంగు, రాళ్ల వరస, ఇచ్చే తేదీ బిల్లు మీద రాయండి. రంజాన్ నెలలో బజారంతా కిటకిటలాడుతుంది. కార్ఖానాలో అడగకుండా తేదీ ఒప్పుకోవద్దు.

మరమ్మతు: రాయి ఊడితే అతికించి ఇస్తామని యజమానితో మాట్లాడుకొని చెప్పండి. గాజులు ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వంకరపోతాయని కూడా అమ్మేటప్పుడే చెప్పాలి.

నిజాయితీ: హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అయితే 1999 నాటి చట్టం ప్రకారం, అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ గుర్తింపును వాడుకునే హక్కు. మీకు సరుకిచ్చే కార్ఖానా నమోదైందో లేదో కనుక్కోండి. రాళ్లు బయటివైతే "అంతా ఇక్కడిదే" అనొద్దు, "లక్క పని ఇక్కడిది" అనండి.

ఒక్క ఫంక్షన్‌కు చవకది చాలన్నవాళ్లకు అదే ఇవ్వండి, వాదించొద్దు.

కొలతకు, రంగుకు, మరమ్మతుకు తిరిగొచ్చినవాళ్ల లెక్క చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏ సరుకు తెప్పించాలో యజమాని ఆలోచించేటప్పుడు అది ముందు పెట్టండి. జీతం పెంచమని అడిగేటప్పుడు కూడా ఆ లెక్కే మీ తరఫున మాట్లాడుతుంది.