కెమెరా చూసి ఫోన్ కొనేవాళ్లకు

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో ముప్పై రెండేళ్లు ఫోటో స్టూడియో నడిపాను. ఇప్పుడు స్టూడియో లేదు. అయినా మా చుట్టుపక్కల ఎవరు ఫోన్ కొనాలన్నా ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు నన్ను తోడు రమ్మంటారు. "కెమెరా సంగతి మీకే ఎరుక గదా" అంటారు. అలా తిరిగి తెలుసుకున్నవి ఇవి.

1. ముందు పాత ఫోన్‌లో గ్యాలరీ తెరిపిస్తాను. మా పక్కింటి కోడలు కెమెరా బాగుండాలని పట్టుబట్టింది. గ్యాలరీలో చూస్తే పిల్లాడి హోంవర్కు, కరెంటు బిల్లులు, చీరల స్క్రీన్‌షాట్లు. వాటి మధ్య ట్యూబ్‌లైటు కింద ఉరుకుతున్న పిల్లాడు. ఇరవై ఫోటోల్లో పద్దెనిమిదింట్లో మొహం చెదిరిపోయింది. ఆమె అవసరం అక్కడుంది. ఓఐఎస్ ఉంది కదా అని దుకాణం అబ్బాయి అన్నాడు. అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ, ఉరికే పిల్లాణ్ణి ఆపదు. తక్కువ వెలుతురులోనూ చప్పున క్లిక్కుమనే ఫోన్ వెతికాం. అది దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైనదేమీ కాదు.

2. మెగాపిక్సెళ్ల అంకె చూసి డబ్బు పెట్టకండి. 48 మెగాపిక్సెళ్ల ఫోన్లు చాలావరకు నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే దాస్తాయి. వెనక మూడు కళ్లున్న చవక ఫోన్లలో తరచూ రెండు 2 మెగాపిక్సెళ్లవే ఉంటాయి. నేను వాటిని లెక్కలోకే తీసుకోను.

3. దుకాణంలో తీసిన ఫోటో నమ్మను. అన్ని వైపుల నుంచీ తెల్లటి లైట్లు పడే చోట ఏ కెమెరా అయినా ముద్దుగానే తీస్తుంది. అబ్బాయిని అడిగి, ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి వెళతాను. వెనక రోడ్డు ఎండ, ముందు నీడలో మనిషి మొహం. ఒక ఫోన్‌లో మొహం బొగ్గులా వస్తుంది. ఇంకోదాంట్లో మొహం బాగున్నా వెనక రోడ్డంతా సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. రెండూ నిలిచిన ఫోన్‌ను కొనడానికని పక్కన పెట్టిస్తాను. ఆ తర్వాత పది అడుగులు నడుస్తూ వీడియో తీసి, మాట వినిపిస్తుందో లేదో చూస్తాను. అన్నిటికన్నా ముఖ్యం ఒంటి రంగు. అడక్కుండానే మన చామనఛాయను తెలుపు చేసే ఫోన్లు ఉన్నాయి. మనవరాలి రంగు మార్చే కెమెరా ఎంత గొప్పదైనా నాకు వద్దు.

4. నుమాయిష్ నాకు నేర్పింది ఇది. మామూలుగా ఏటా జనవరి 1న మొదలయ్యే ఆ ఎగ్జిబిషన్‌కు ఒకసారి ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా అబ్బాయి చేతిలో అప్పుడే కొన్న మంచి కెమెరా ఫోన్. జెయింట్ వీలు, దీపాలు, పిల్లలు, అన్నీ వీడియోలు తీశాడు. ఎనిమిది గంటలకల్లా బ్యాటరీ అయిపోయింది. సరిగ్గా అప్పుడే చిన్న మనవరాలు జనంలో తప్పిపోయింది. ఆమెను చేరదీసిన ఒకావిడ, పాప చెప్పిన వాళ్ల నాన్న నంబరుకు చేస్తూనే ఉందట, స్విచ్ఛాఫ్. ఇరవై నిమిషాల తర్వాత దొరికింది. అప్పటినుంచీ బ్యాటరీ అడిగాకే కెమెరా అడుగుతున్నాను. ఆ తర్వాత స్టోరేజీ, అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో, సర్వీస్ సెంటర్ ఎంత దూరమో.

5. సెకండ్ హ్యాండ్ అయితే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కెవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ అంకెలు రాసి 14422కు మెసేజ్ పంపండి. దొంగ ఫోనని బ్లాక్ చేసినదైతే తెలిసిపోతుంది. లెన్సు మీద గీతలు గోటితో తడిమి చూడండి.

6. కెమెరాకే డబ్బు పెట్టమని నేను చెప్పేది, దాంతో అన్నం తినేవాళ్లకు. ఇంట్లో చీరలు అమ్మే ఆమె ఫోటోలో మెరూన్ ఎరుపుగా కనిపిస్తే చీర తిరిగొస్తుంది.

7. ఏ ఫోన్ కొన్నా, ఫోటోలు ఇంకోచోట కూడా దాచుకోండి. ఆరో నిజాం 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చిన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఎవరో దాచారు కాబట్టే ఉన్నాయి. రెండేళ్ల కిందట ఒకాయన చచ్చిపోయిన ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ చివరి రోజుల ఫోటోలన్నీ అందులోనే. ఇంకెక్కడా కాపీ లేదు. రిపేరు వాళ్లు బోర్డు పోయిందన్నారట. నా అటక మీది పెట్టెల్లో రెండు రోజులు వెతికితే, 1996లో ఆమె రేషన్ కార్డుకని తీయించుకున్న ఫోటో నెగెటివ్ దొరికింది. ప్రింటు వేయించి ఇచ్చాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్లేటప్పుడు, "కాకా, నెగెటివ్ మీ తాన్నే ఉండనియ్యండి" అన్నాడు.