పేరు నిలిపిన పట్టిక

యుద్ధమున జయించి వచ్చిన వీరునకు ఊరంతయు ఎదురేగును. మేళతాళములు మ్రోగును. రణరంగమున నేలకొరిగిన వానికి శిలాఫలకము వెలయును. కాని శత్రువుల చేజిక్కి చెఱసాలలో మ్రగ్గిన సైనికుని తలచుకొనువారెవరు? బ్రతికియున్నాడో మరణించినాడో తెలియకుండ కనుమఱుగైన సైనికుని తల్లి ఏ సమాధిచెంత కన్నీరు విడువగలదు? అట్టివారి గౌరవార్థము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక జాతీయ మ్యూజియము వెలసినది. అది వెలసిన తావు ఒకనాడు ఘోరమైన బందిఖానా.

1861 మొదలు 1865 వరకు ఆ దేశమున ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును అంతర్యుద్ధము జరిగెను. నల్లజాతివారిని బానిసలుగా నుంచుకొను దురాచారమే ఆ కలహమునకు మూలము. మొదట ఉభయపక్షములవారును తమకు పట్టుపడిన సైనికులను ఒకరికొకరు అప్పగించుకొనుచుండిరి. ఉత్తర సైన్యమున చేరిన నల్లజాతి సైనికులను తక్కినవారితో సమానముగ యుద్ధబందీలని మన్నించుటకు దక్షిణపక్షమువారు సమ్మతింపలేదు. అందువలన 1863లో ఆ మార్పిడి చాలవరకు నిలిచిపోయెను. ఇరుపక్షముల చెఱసాలలును క్రిక్కిరిసిపోయెను.

1864 ఫిబ్రవరి మాసమున దక్షిణపక్షమువారు జార్జియా రాష్ట్రమునందలి ఆండర్సన్‌విల్ అను చిన్న గ్రామముచెంత ఒక క్రొత్త చెఱసాలను తెఱచిరి. దానికి గదులు లేవు, కప్పు లేదు. పైన్ చెట్ల దుంగలను వరుసగా నిలువున పాతి కట్టిన ప్రాకారము, దాని నడుమ ఆరుబయలు, అంతియే. బందీలు చింకి దుప్పట్లతోను, పుల్లలతోను గుడారములు వేసికొని ఎండకు ఎండి, వానకు తడియుచుండిరి. ప్రాకారమునకు లోపల కొంత దూరమున ఒక చిన్న కంచె యుండెను. దానిని దాటినవానిని కావలివారు కాల్చి చంపుదురు. అందుచే దానిని మృత్యురేఖ యనిరి.

ఆ చెఱసాల పదివేలమందికి ఉద్దేశింపబడినది. ఆ సంవత్సరము ఆగస్టు నాటికి ఇరువదియారు ఎకరములకు కొంచెము మించిన ఆ స్థలములో 32 వేలకు పైబడి బందీలు చేరిరి. నడుమ పాఱు ఒక సన్నని వాగే వారికి ఆధారము. త్రాగుటకు ఆ నీరే. కల్మషమంతయు కలియునదియు ఆ నీటిలోనే. చాలీచాలని తిండి, జిగట విరేచనములు, స్కర్వీ వ్యాధి వారిని దినదినమును పొట్టన పెట్టుకొనెను. పదునాలుగు మాసములలో అచ్చట నుంచబడినవారు సుమారు 45 వేలమంది కాగా, వారిలో దాదాపు 13 వేలమంది ప్రాణములు విడిచిరి. యుద్ధానంతరము ఆ చెఱసాల అధికారియైన హెన్రీ వర్జ్ విచారింపబడి, 1865 నవంబరు 10వ తేదీన ఉరితీయబడెను.

ఇట్టి దారుణము ఒక పక్షమున మాత్రమే జరిగెనని తలపరాదు. ఉత్తర రాష్ట్రములలోని ఎల్మైరా అను చెఱసాలలో ఉంచబడిన సుమారు 12 వేలమంది దక్షిణ సైనికులలో దాదాపు 3 వేలమంది మరణించిరి. యుద్ధోన్మాదమున చేజిక్కిన శత్రువును మానవునిగా చూచుట ఇరువురును మఱచిరి.

ఆండర్సన్‌విల్ బందీలలో డారెన్స్ అట్వాటర్ అను యువకుడు ఉండెను. అతడు కనెక్టికట్ రాష్ట్రమువాడు. 1863లో పట్టుపడునాటికి అతనికి పదునెనిమిదేండ్లు. చెఱసాల ఆసుపత్రిలో లేఖకుని పని అతనికి అప్పగింపబడెను. ప్రతిదినమును మరణించినవారి పేరు, పటాలము, రాష్ట్రము, వ్యాధి, మరణించిన తేదీ పుస్తకమున వ్రాయుట అతని విధి. కళేబరములను పొడవైన గోతులలో ప్రక్కప్రక్కనే పూడ్చి, ఒక్కొక్క చోట సంఖ్య గల గుర్తు నిలుపుచుండిరి. ఆ సంఖ్య ఎవరిదో తెలుపునది ఆ పుస్తకమొక్కటే.

అట్వాటరునకు ఒక సందేహము కలిగెను. శత్రువుల చేతిలోని ఈ పుస్తకము మృతుల బంధువులకు ఎన్నటికైన చేరునా? చేరనిచో ఇందఱు తల్లిదండ్రులు జీవితాంతము ద్వారమువైపు చూచుచు కూర్చుండవలసినదే గదా! అతడు సాహసించి ఆ పట్టికకు రహస్యముగ ఒక నకలు వ్రాయ నారంభించెను. అధికారుల కంటబడిన ఎట్టి శిక్ష కలుగునో అతడెఱుగును. అయినను మానలేదు. 1865 ఆరంభమున విడుదలయైనప్పుడు ఆ నకలును తన కోటు అస్తరులో దాచుకొని బయటికి తెచ్చెను.

అదే సంవత్సరమున క్లారా బార్టన్ అను మహిళ వాషింగ్టను నగరములో ఒక కార్యాలయము తెఱచెను. యుద్ధభూములలో క్షతగాత్రులకు సేవచేసి పేరుగన్న యామె, కనబడకుండ పోయిన సైనికుల జాడ తీయుటకు పూనుకొనెను. అధ్యక్షుడు లింకను ఆ ప్రయత్నమునకు అనుమతి నొసగెను. ఆమె ఆచూకీ తెలియనివారి పేర్లను అచ్చువేయించి పత్రికలకు పంపుచుండెను. అది చూచిన అట్వాటరు తనయొద్ద నున్న పట్టిక సంగతి ఆమెకు వ్రాసెను.

1865 జూలైలో ప్రభుత్వము పంపిన ఒక బృందము ఆండర్సన్‌విల్ చేరెను. కెప్టెన్ జేమ్స్ మూర్ దానికి నాయకుడు. బార్టను, అట్వాటరు అందులో నుండిరి. పట్టికలోని సంఖ్యను గోతివద్ద గుర్తుతో సరిచూచి, ఒక్కొక్క సమాధికి పేరు వ్రాసిన పలకను నిలిపిరి. దాదాపు 13 వేల సమాధులలో 460 మాత్రమే ఎవరివో తెలియనివిగా మిగిలెను. ఆగస్టు 17వ తేదీన బార్టను ఆ శ్మశానమున జాతీయ పతాకము నెగురవేసెను.

ఆ యువకునకు దక్కిన ప్రతిఫలము విన్నచో ఆశ్చర్యము కలుగక మానదు. అతడు పట్టికను ప్రభుత్వమునకు ఇచ్చి, పిదప దానిని తిరిగి తీసికొనెను. మృతుల కుటుంబములకు తెలియునట్లు దానిని ప్రకటింపవలెనని అతని కోరిక. మరల అప్పగింపుమనగా నిరాకరించెను. దొంగతన నేరముపై సైనిక న్యాయస్థానము అతనికి పదునెనిమిది మాసముల కఠినశిక్ష విధించెను. శత్రువుల చెఱనుండి వచ్చినవాడు స్వదేశపు చెఱలో పడెను! కొన్ని వారములకు విడుదలయై, 1866లో ఒక న్యూయార్కు పత్రిక ద్వారా ఆ పట్టికను ప్రకటింపజేసెను. అతనిపై బడిన మచ్చను ప్రభుత్వము తొలగించుటకు 1898 వరకు కాలము పట్టెను. క్లారా బార్టన్ కార్యాలయమునకు 63 వేలకు పైగా ఉత్తరములు వచ్చెను. దాని కృషివలన సుమారు 22 వేలమంది సైనికుల వృత్తాంతము తెలియవచ్చెను.

ఆ స్థలమునకు జాతి యావత్తును చేయవలసిన గౌరవము చాల ఆలస్యముగ జరిగినది. 1970లో అమెరికా కాంగ్రెసు ఆండర్సన్‌విల్‌ను జాతీయ చారిత్రక స్థలముగ ప్రకటించెను. అచ్చట మ్రగ్గినవారి కథ మాత్రమేగాక, అన్ని యుద్ధములలోను చెఱపట్టబడిన అమెరికా సైనికుల కథయు అచ్చట చెప్పవలెనని శాసించెను. మాజీ యుద్ధబందీలు మ్యూజియము కొరకు పాటుపడిరి. 1994లో ప్రభుత్వము వెండి డాలరు స్మారక నాణెమును ముద్రించి, దాని విక్రయమున వచ్చిన అదనపు సొమ్ములో భాగమును నిర్మాణమునకు చేర్చెను. 1998 ఏప్రిల్ 9వ తేదీన జాతీయ యుద్ధబందీల మ్యూజియము ప్రారంభింపబడెను. ఆ తేదీ కావలెనని ఎన్నుకొన్నదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 ఏప్రిల్ 9న, ఫిలిప్పీను దీవులలోని బటాన్‌లో వేలకొలది అమెరికా, ఫిలిప్పీను సైనికులు జపానువారికి లొంగిపోయి బందీలైరి.

బార్టను కార్యాలయము మాత్రము కాలక్రమమున మరుగునపడెను. వాషింగ్టనులోని ఒక పాత భవనమును పరిశీలించుచున్న ప్రభుత్వోద్యోగికి పైకప్పు క్రింద ఆ కార్యాలయపు తగరపు నామఫలకము కనబడెను. ఆ భవనము నిలుపబడి, ఆ గదులును ఇప్పుడు మ్యూజియముగ మారినవి.

ఆండర్సన్‌విల్ శ్మశానమున కొయ్యపలకలకు బదులు నేడు పాలరాతి ఫలకములు నిలిచియున్నవి. వాటిపై అట్వాటరు వ్రాసిన సంఖ్యలు నేటికిని గలవు. ఒక కుటుంబమువారు తమ పూర్వుని పేరు పట్టికలో చూచి, నేరుగా ఆ ఫలకము కడకు నడువగలరు. నడుమ నడుమ పేరులేని 460 రాళ్లును కనబడును. ఆ పట్టికయే లేకున్న, దాదాపు 13 వేల రాళ్లును అట్లే యుండెడివి. ఆయుధము లేనివాడు, ఆకలితో నున్నవాడు, ఒక కలముతో ఎంతటి దేశసేవ చేయగలడో ఆ రాళ్లు చెప్పుచున్నవి.

ప్రశ్నలు

1. యుద్ధబందీల మార్పిడి ఎందువలన నిలిచిపోయెను?
2. ఆండర్సన్‌విల్ చెఱసాలలో బందీలు పడిన బాధలను వివరింపుము.
3. అట్వాటరు పట్టికకు రహస్యముగ నకలు వ్రాయుటకు కారణమేమి?
4. అట్వాటరునకు విధింపబడిన శిక్ష న్యాయమైనదా? నీ యభిప్రాయమును కారణములతో వ్రాయుము.
5. మ్యూజియము ప్రారంభమునకు ఏప్రిల్ 9వ తేదీని ఎందుకు ఎన్నుకొనిరి?