ర్యాంకు దూరంగా వచ్చింది, పొలం అమ్మాలా?

మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీలో 91 శాతం తెచ్చుకుంది. లెక్కలంటే ప్రాణం. ఎప్‌సెట్‌లో మాత్రం ర్యాంకు 70,000 దాటింది. హైదరాబాద్‌లో ఓ కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఇస్తామంటున్నారు. డొనేషన్ కట్టాలంటే ఎకరం పొలం అమ్మాలి. తోటికోడలేమో వాళ్లబ్బాయి చదివే చెన్నైకి పంపమంటోంది. మా ఆయన ఏమీ తేల్చడు. పిల్ల సరిగా అన్నం తినడం లేదు. పోటీ తక్కువుండి, చదువు బాగుండే కాలేజీలు మన రాష్ట్రంలో లేవా?
- ఓ తల్లి, వరంగల్ జిల్లా

అమ్మా, పొలం అమ్మకండి. ముందు అమ్మాయికి కడుపునిండా అన్నం పెట్టి, ఈ జవాబు తనతోనే చదివించండి.

కాలేజీ చివరి ర్యాంకు చూసి చదువు నాణ్యతను లెక్కగడుతున్నాం. ఆ సీటు కోసం ఎంతమంది ఎగబడ్డారో తప్ప, అక్కడ పాఠం ఎలా చెబుతారో అందులో ఉండదు. అందరి చూపూ హైదరాబాద్ మీద, సీఎస్ఈ మీద. జేఎన్‌టీయూ సొంత కాలేజీలు జగిత్యాల దగ్గర నాచుపల్లిలో, మంథనిలో, సుల్తాన్‌పూర్‌లో ఉన్నాయి. అక్కడ సివిల్, మెకానికల్ చివరి ర్యాంకులు సీఎస్ఈ కంటే చాలా కిందికి వెళ్తాయి. మంథనిలో మైనింగ్ కూడా ఉంది, సింగరేణి పక్కనే. కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో గతేడాది చివరి ర్యాంకుల పట్టిక తీసి మీ కేటగిరీలో అమ్మాయిల గడి చూడండి. చాలామంది ఓసీ అబ్బాయిల గడి చూసి బెంబేలెత్తిపోతారు. సీట్లలో మూడో వంతు అమ్మాయిలవే.

అయినా, లెక్కలంటే ప్రాణమున్న పిల్లకు ఇంజనీరింగ్ ఒక్కటే దారా? నాకైతే ఆమెను హనుమకొండ కాకతీయ ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ లెక్కలు, కంప్యూటర్ సైన్స్‌లో చూడాలనుంది. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం దోస్త్ ద్వారా ప్రవేశం, ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులే చూస్తారు. మీరు పక్కనపెట్టిన ఆ 91 శాతం అక్కడ పనికొస్తుంది. మూడేళ్ల తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ, సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ చేయొచ్చు. జామ్ రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీకీ అవకాశం ఉంది. ఇంజనీరింగ్ మీద ఆశ చావకపోతే, బీఎస్సీ లెక్కలవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

ప్రభుత్వ కాలేజీల్లో అధ్యాపకుల ఖాళీలున్న మాట నిజం. కాబట్టి ఏ కాలేజీ అయినా చేరేముందు పనిరోజున తల్లీకూతుళ్లు వెళ్లి రండి. ల్యాబులు తెరిచున్నాయో లేదో చూడండి. రెగ్యులర్ లెక్చరర్లు ఎందరు, గెస్టులు ఎందరు అని అక్కడి విద్యార్థులనే అడగండి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అయితే ఎన్‌బీఏ గుర్తింపు మీరనుకునే బ్రాంచికే ఉందా అని ఆరా తీయండి, అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు.

ఇంకొకటి. మేనేజ్‌మెంట్ కోటాలోనో, చివర్లో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అందుకే కన్వీనర్ కోటా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పొదుపు చేయకుండా పెట్టండి, దోస్త్‌లోనూ ఇప్పుడే పేరు నమోదు చేయించండి. రెండూ ఒకేసారి చేసుకోవచ్చు.