గీతకు ముందు మాట

“లోగోనే కదా తమ్ముడూ, దానికింత అవుతుందా? మా బావమరిది ఫోన్‌లో అయిదు నిమిషాల్లో చేసేస్తానంటున్నాడు!”

చిన్న డిజైన్ స్టూడియో పెట్టుకున్న ప్రతివారికీ ఈ మాట ఎదురవుతుంది. చాలామంది అక్కడే మొహమాటపడతారు. “సరేలే అన్నా, మీకు తోచింది ఇవ్వండి” అనేసి పనిలోకి దిగిపోతారు. నాలుగు రోజులు తిరగకుండానే కథ మారుతుంది. ఆరు లోగోలు గీయించుకున్నాక మొదటిదే బాగుందంటారు. విజిటింగ్ కార్డు, ఫ్లెక్సీ, వాట్సాప్ స్టేటస్ బొమ్మ అన్నీ “అందులోవేగా” అంటూ వచ్చి చేరతాయి. డబ్బు మాటెత్తితే “ఎక్కడికి పోతాం, ఇస్తాంలే” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆ క్లయింటు చెడ్డవాడేమీ కాడు. ఈ పని ఎలా జరుగుతుందో, దేనికెంత అవుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మీరే. మా స్టూడియోలో చేరే పిల్లలకు కోరెల్‌డ్రా కంటే, ఫోటోషాప్ కంటే ముందు నేర్పేది ఈ అలవాటే. ధర, గడువు, ఎన్ని మార్పులు, చివరి మాట ఎవరిది, డబ్బు ఎప్పుడు... నోరు తెరవడానికి ఇబ్బందిగా అనిపించే ప్రతి విషయాన్నీ పని మొదలుపెట్టకముందే మాట్లాడేయాలి. మొదటి రోజు అడిగితే ఎవరూ తప్పు పట్టరు. నెల తర్వాత అదే ప్రశ్న అడిగితే తగాదాలా వినిపిస్తుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సింది: “ఇది ఎక్కడ కనబడుతుంది?”

ఈ ఒక్క ప్రశ్న సగం డిజైన్ చేసి పెడుతుంది. షాపు బోర్డు మీదా, ఆటో వెనకా, స్వీట్ల డబ్బా మీదా, రబ్బరు స్టాంపులోనా, ఫోన్‌లో గోరంత డీపీలోనా? ఆటో వెనక బాగా కనబడే గుర్తు స్టాంపులో మసిముద్దగా మారొచ్చు. ఫోన్ తెర మీద నిగనిగలాడిన ఆకుపచ్చ అచ్చులో నీరసపడొచ్చు. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో అచ్చేస్తుంది. ఈ తేడాను క్లయింటుకు ముందే ఒక నమూనాతో చూపిస్తే, కార్డులు చేతికొచ్చాక “నేను చూసిన రంగు ఇది కాదు” అనే పరిస్థితి రాదు.

తెలుగులో పనిచేసేవాళ్లు ఇక్కడ ఇంకాస్త ఆగాలి. మన ఊళ్లలో చాలా బోర్డులు ముందు ఇంగ్లీషు పేరుతో తయారవుతాయి. తెలుగును చివర్లో, మిగిలిన జాగాలో ఇరికిస్తారు. చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తెలుగు అక్షరం నిలువుగా బతుకుతుంది. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు, వాటికి చోటు కావాలి. ఇంగ్లీషు వరుసకు పెట్టిన ఎడంలోనే “రాష్ట్రం”, “స్త్రీ” అని టైప్ చేసి చూడండి. పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. సైజు తగ్గించి సర్దితే ప, వ ఒకేలా కనబడతాయి. మ, య కలిసిపోతాయి. చిన్న అక్షరాలను నాలుగు రంగుల మిశ్రమంతో కాకుండా ఒక్క నల్ల సిరాతో అచ్చువేయించండి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చదవగలుగుతారు.

మ్యాటర్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన మ్యాటర్, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు అటూ ఇటూ కావచ్చు. సాఫ్ట్‌వేర్ సెట్టింగు సరిగా లేకపోతే ఒత్తు అక్షరం కిందికి చేరకుండా పక్కన ఒంటరిగా నిలబడుతుంది. అందుకే ఫైలుతో పాటు చదవగలిగే కాపీ ఒకటి, ప్రింటో పీడీఎఫ్‌ఓ, తప్పకుండా అడిగి తీసుకోండి. చివరి ప్రూఫ్ మీద క్లయింటు సంతకం తీసుకోండి, కనీసం వాట్సాప్‌లో “చదివాను, ఓకే” అని రాయించుకోండి. శుభలేఖలో ముహూర్తం నిమిషం తప్పు పడితే ఆ ఇంటివాళ్ల కంగారు మామూలుగా ఉండదు. ఆ సంతకం అడిగితే వాళ్లూ మరొక్కసారి శ్రద్ధగా చదువుతారు.

శ్రద్ధగా చదవడం ప్రూఫుకే కాదు, బొమ్మకూ అవసరమే. చిత్రకారుడు బాపుగారి పేరెత్తితే కొత్తవాళ్లు ఆయన గీత గురించే మాట్లాడుకుంటారు. ఆయన చేతిరాత ఫాంటుగా మారి ఈరోజుకీ శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద కనబడుతోంది. నేను మాత్రం ఆ గీత వెనకున్న చదువును చూడమంటాను. ముళ్లపూడి వెంకటరమణ రాసిన బుడుగుకు బాపుగారు బొమ్మ గీశారు. ఆ బుడుగు ఎలా ఉంటాడో ఇవాళ తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మాటల్లోని అల్లరిని అంతగా ఒంటబట్టించుకుంటే తప్ప అలాంటి బొమ్మ రాదు. మీ క్లయింటు పచ్చళ్లు అమ్ముతుంటే పచ్చడి రుచి చూడండి. స్కూలు నడుపుతుంటే సాయంత్రం గేటు దగ్గర నిలబడి తల్లిదండ్రుల మాటలు వినండి. ఆ తర్వాతే కాగితం తీయండి.

ఇక ధర. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో క్యారొలిన్ డేవిడ్సన్ అనే డిజైన్ విద్యార్థిని ఒక కొత్త బూట్ల కంపెనీకి గుర్తు గీసిచ్చింది. గంటకు 2 డాలర్ల లెక్కన 35 డాలర్ల బిల్లు వేసింది. అదే నైకీ స్వూష్. 1983లో కంపెనీ ఆమెను పిలిచి షేర్లు, స్వూష్ ఆకారంతో వజ్రపుటుంగరం ఇచ్చి గౌరవించింది. అది వాళ్ల పెద్దమనసు. అలాంటి పెద్దమనసును నమ్ముకుని మీరు నెలజీతాలు ఇవ్వలేరు.

గంటల లెక్కలో ఇంకో చిక్కుంది. పని బాగా వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ బిల్లు తగ్గుతుంది. 1998లో సిటీకార్ప్ బ్యాంకు, ట్రావెలర్స్ బీమా సంస్థ కలిసి సిటీగ్రూప్ అయినప్పుడు, డిజైనర్ పౌలా షేర్ మొదటి సమావేశంలోనే ఒక న్యాప్‌కిన్ మీద సిటీ లోగో గీసేశారు. ట్రావెలర్స్ వారి ఎర్ర గొడుగును ‘t’ అక్షరం మీద వంపుగా మార్చారు. గీయడానికి పట్టింది క్షణాలే. కానీ ఆ క్షణాల వెనక దశాబ్దాల అనుభవం ఉంది. ఆ తర్వాత అందరినీ ఒప్పించడానికి ఎన్నో సమావేశాలు పట్టాయి. ఆ గీతకు నిమిషాల చొప్పున ఖరీదు కట్టగలమా?

మీ ధర మీ ఖర్చుల్లోంచి, మీ పని వల్ల అవతలివారికి కలిగే ప్రయోజనంలోంచి పుట్టాలి. అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా, ఫాంటు లైసెన్సు, అసిస్టెంటు జీతం రాసుకోండి. నెలలో 30 రోజులూ డిజైన్ చేయరు. ప్రెస్సు చుట్టూ, బాకీల చుట్టూ తిరిగే రోజులు తీసేస్తే మిగిలినవెన్నో చూడండి. అప్పుడు వచ్చే అంకెను తడుముకోకుండా చెప్పండి. చెప్పాక ఆగండి. అవతలివారు ఆలోచించుకునేలోగా మీరే కంగారుపడి “పోనీ తగ్గిస్తాలే” అనకండి. వాళ్ల బడ్జెట్ నిజంగా చిన్నదైతే పని తగ్గించండి. లోగో ఇవ్వండి, బ్రోచర్ వద్దనండి. చేసే పని అంతే ఉంచి ధర మాత్రం తగ్గిస్తే, మొదట చెప్పిన ధర మీద వాళ్లకు నమ్మకం పోతుంది.

ఎన్ని నమూనాలు చూపించాలి? స్టీవ్ జాబ్స్ 1986లో తన కొత్త కంపెనీ నెక్స్ట్ లోగో కోసం డిజైనర్ పాల్ రాండ్ దగ్గరికి వెళ్లారు. ధర లక్ష డాలర్లు. కొన్ని నమూనాలు ఇస్తారా అని అడిగితే రాండ్ కుదరదన్నారు. మీ సమస్యకు పరిష్కారం నేనిస్తాను, మీరు డబ్బిస్తారు, వాడుకోవడం వాడుకోకపోవడం మీ ఇష్టం, అని ముందే తేల్చేశారు. జాబ్స్ ఒప్పుకున్నారు. రాండ్ ఒక్క లోగోనే, ఎందుకలా గీశారో వివరించే పుస్తకంతో కలిపి ఇచ్చారు. ఆయన అప్పటికే ఐబీఎం లోగో గీసి, డెబ్బై దాటిన మనిషి. నిన్న షట్టర్ ఎత్తిన మనం ఒక్కటే చూపిస్తామంటే చెల్లకపోవచ్చు. రెండు చూపించండి, ఒక్కోదానికీ కారణం చెప్పండి. ఎన్నిసార్లు మార్పులు ఉచితమో ముందే చెప్పండి.

చివరి మాట ఎవరిదో కూడా తెలుసుకోండి. మన దగ్గర మీతో మాట్లాడేది కొడుకు, ఓకే చేసేది నాన్నగారు. రంగు విషయంలో సిద్ధాంతిగారి మాట ఉండొచ్చు, న్యూమరాలజీ ప్రకారం పేరులో ఒక అక్షరం పెరగొచ్చు. వీటిని విసుక్కోకుండా మొదటి సమావేశంలోనే అడగండి. వాళ్లకు అవి ముఖ్యం కాబట్టి డిజైన్‌లో అవీ భాగమే. నాన్నగారిని మొదటి రోజే కూర్చోబెట్టగలిగితే మీ పని సగం తేలికవుతుంది.

బాకీల దగ్గర చట్టం మీ వెనక ఉంది. ఈ సంగతి తెలియని స్టూడియోలు ఎన్నో! సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. అది ఉంటే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం కింద, పని చేయించుకున్న సంస్థ రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. 2023-24 లెక్కల నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి, ఏడాది ముగిసేనాటికీ చెల్లించని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం కూడా కుదరదు. ఇది వాళ్ల అకౌంటెంటుకు బాగా తెలుసు. గొంతు పెంచనవసరం లేదు, ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చువేయండి. హక్కుల మాట కూడా కాగితం మీదే ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అది పరిమితం. క్లయింటుకు పూర్తి హక్కులు ఇవ్వదలిస్తే ఆ మాటే స్పష్టంగా రాసివ్వండి. అదీ మర్యాదే.

ఇదంతా పెద్ద ఒప్పంద పత్రంగా ఉండాలని లేదు. రేపు వచ్చే మొదటి పనికి ఇలా ఒక మెసేజ్ పెట్టి చూడండి:

“నమస్కారం అన్నా. మీ షాపు లోగో తెలుగులో, ఇంగ్లీషులో చేస్తాం. రెండు నమూనాలు చూపిస్తాం, నచ్చినదానిలో మూడుసార్ల వరకు మార్పులు చేస్తాం. ఆపై ప్రతి మార్పుకూ వేరే చార్జీ. మొత్తం ఇంత, సగం అడ్వాన్సు, మిగతాది ఫైళ్లు ఇచ్చే రోజు. జీఎస్టీ ఉంటే వేరు. బోర్డు, కార్డు, బాక్సు డిజైన్లకు విడిగా చెబుతాం. నాన్నగారు కూడా ఒకసారి చూసి సరేనంటే మొదలుపెడతాం.”

“ఓకే” వచ్చి, అడ్వాన్సు పడ్డాక కొత్త ఫైలు తెరవండి.